వుడీ అసలు ఎవరి బొమ్మ?

బొమ్మలు ప్రాణంతో తిరిగే యానిమేషన్ సినిమాలు టాయ్ స్టోరీ. వాటిలో వుడీ ఆండీ అనే పిల్లవాడి కౌబాయ్ బొమ్మ. రెండో భాగంలో ఆండీ వాళ్ల అమ్మ ఇంటి ముందు పాత సామాను అమ్మకానికి పెడుతుంది. అక్కడికి వచ్చిన ఒక బొమ్మల వ్యాపారి కన్ను వుడీ మీద పడుతుంది. కొంటానంటాడు. ఇది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న బొమ్మ, అమ్మేది కాదు అంటుంది ఆమె. అతను ధర పెంచుతాడు, చేతి గడియారం కూడా ఇస్తానంటాడు. ఆమె వుడీని డబ్బుల పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. సన్నివేశంలో ఉన్నది ఇంతే. కానీ "ఎప్పటినుంచో ఉన్న బొమ్మ" అన్న ఆ చిన్న మాట ఆధారంగా ప్రపంచమంతటా అభిమానులు పాతికేళ్లకు పైగా కథలు అల్లుతూనే ఉన్నారు.

అందుకు కారణం అదే సినిమాలో ఉంది. కాసేపయ్యాక వుడీకి తన పుట్టుక సంగతి తెలుస్తుంది. నలుపు తెలుపు టీవీ కాలంలో, దారాలు కట్టి ఆడించే బొమ్మల కార్యక్రమం ఒకటి వచ్చేదనీ, అందులో కథానాయకుడు తానేననీ తెలుసుకుంటాడు. ఆకాశంలోకి స్పుత్నిక్ వెళ్లాక పిల్లల మోజంతా రోదసి బొమ్మల మీదికి మళ్లిందనీ, దాంతో కార్యక్రమం ఆగిపోయిందనీ అదే కార్యక్రమానికి చెందిన ఒక గడ్డం బొమ్మ చెబుతుంది. స్పుత్నిక్ వెళ్లింది 1957లో. ఆ లెక్కన వుడీ 1950ల నాటి సరుకు. ఆండీ మాత్రం 1990ల పిల్లవాడు. ఈ మధ్యకాలం దాదాపు నలభై ఏళ్లు. అన్నేళ్లూ వుడీ ఎవరి చేతుల్లో ఉన్నాడు? దీనికి తోడు ఆండీ నాన్న తొలి నాలుగు భాగాల్లో ఎక్కడా కనిపించడు. ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పరు. రెండు ఖాళీలు పక్కపక్కనే ఉన్నప్పుడు ఒకదానితో రెండోది పూడ్చాలనిపించడం సహజం.

నెల్లూరులో మే నెల మధ్యాహ్నాలు పిల్లల్ని గడప దాటనివ్వవు. మా వీధి పిల్లలు మా ఇంట్లో చేరి సినిమాలు చూస్తారు, చూసినవాటి మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆ వాదనలు వినడం నాకు ఇష్టం. కాకపోతే ఈ మధ్య వాళ్ల నోట "వుడీ అసలు కథ బయటపడింది", "ఆండీ నాన్న ఎలా చనిపోయాడో తేలిపోయింది" వంటి మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో ఊహించిన దాన్ని ఇంకెవరో తెలుగులో గంభీరంగా చెబితే అది వాళ్లకు వార్త అయిపోయింది. ఊహకూ వార్తకూ మధ్య గీత ఎక్కడుందో పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే. ఆ గీతను వాళ్లకు ఇష్టమైన బొమ్మ దగ్గరే గీసి చూపించవచ్చు.

పిల్లలు చెప్పిన ఆ "అసలు కథ" 2017లో పుట్టింది. అమెరికాలో బొమ్మల గురించి వీడియోలు చేసే ఒకాయన దాన్ని చెప్పాడు. టాయ్ స్టోరీ మూలకథ అల్లిన నలుగురిలో ఒకరైన జో రాన్‌ఫ్ట్ తనకు స్వయంగా చెప్పారన్నాడు. ఆ కథ ప్రకారం ఆండీ నాన్న పేరు కూడా ఆండీయే. చిన్నతనంలో ఆయనకు పోలియో సోకింది. ఆ ఇంట్లోని బొమ్మలను తగలబెట్టారు, వుడీతో పాటు ఒకటి రెండు మాత్రం మిగిలాయి. పెద్దయ్యాక అదే జబ్బు మరో రూపంలో తిరగబెట్టి ఆయన మంచం పట్టాడు. పోయేముందు కొడుక్కి ఒక పాత పెట్టె తాళంచెవి ఇచ్చాడు. పెట్టె తెరిస్తే వుడీ. తన ఎదుట ఉన్నది ఆ పాత ఆండీయేనని వుడీ అనుకున్నాడు.

వింటే కంట తడి పెట్టించే కథ. కాలం లెక్క కూడా కుదురుతుంది. పోలియో టీకా అమెరికాలో అందుబాటులోకి వచ్చింది 1955లో. 1950ల తొలినాళ్ల పిల్లవాడికి పోలియో రావడం నమ్మదగిన విషయమే. ఇలాంటి కథలు నిలబడేది ఇక్కడే. చరిత్రలోని ఒక నిజమైన తేదీ తగిలితే చాలు, మిగిలినదంతా నిజమేననిపిస్తుంది. చెప్పారంటున్న రాన్‌ఫ్ట్ 2005లో కారు ప్రమాదంలో మరణించారు. అడగడానికి ఆయన లేరు. అయితే మూలకథ అల్లిన నలుగురిలో మరొకరైన ఆండ్రూ స్టాంటన్ ఉన్నారు. ఇది పూర్తిగా అబద్ధపు వార్త అని ఆయన బహిరంగంగానే కొట్టిపారేశారు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నా ఉద్దేశంలో ఇక్కడితో ఆగకూడదు. ఒకాయన అవునన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు అన్నది సాక్షుల పంచాయితీ మాత్రమే. తీర్పు సినిమాలోనే వెతకాలి. ఈ లోకంలో బొమ్మలకు జ్ఞాపకం ఉంటుంది. రెండో భాగంలో వచ్చే కౌగర్ల్ బొమ్మ జెస్సీకి, ఒకప్పుడు తనతో ఆడుకున్న ఎమిలీ అనే అమ్మాయి ప్రతి క్షణమూ గుర్తే. వదిలేసి వెళ్లిన రోజు గుర్తు, మంచం కింద పడి ఉన్న ఏళ్లు గుర్తు. మరి నాన్న చేతుల్లో ఒక బాల్యమంతా గడిపిన వుడీకి ఏ జ్ఞాపకమూ ఎందుకు లేదు? తన పేరు మీద టీవీ కార్యక్రమం వచ్చిందన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఆ కాలంలో, ఆ కార్యక్రమం చూసే పిల్లవాడి గదిలో ఉన్న బొమ్మకు ఇది తెలియకుండా ఉంటుందా? పెట్టెలో నిద్రపోయాడు, పిల్లవాడి పేరు ఒకటే కాబట్టి పొరబడ్డాడు అని సర్దిచెబుతారు. నిద్ర, ఒకే పేరు, పొరపాటు. ఒక ఊహను నిలబెట్టడానికి ఇంకో మూడు ఊహలు కావలసి వచ్చాయి. వాటిలో ఒక్కటీ తెర మీద కనిపించదు.

ఇంతకీ ఆ ఖాళీ ఎందుకు మిగిలింది? ఏ పాత్ర గతం గురించి ఊహించేవాళ్లయినా మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది, దాదాపు ఎవరూ అడగని ప్రశ్న కూడా ఇదే. 1995లో తొలి భాగం తీసినప్పుడు వుడీకి గతం అవసరం లేదు. వీపున తాడు లాగితే మాట్లాడే గుడ్డ బొమ్మ ఒకవైపు, మీటలూ రెక్కలూ ఉన్న కొత్త రోదసి బొమ్మ ఇంకోవైపు. పాతకూ కొత్తకూ పోటీ, అదే కథ. కిండర్‌గార్టెన్ నాటినుంచి ఆండీకి ఇష్టమైన బొమ్మ వుడీయే అని తోటి బొమ్మ ఒకటి అంటుంది. తొలి సినిమాకు ఆ గతం సరిపోయింది. నాలుగేళ్ల తర్వాత రెండో భాగానికి వుడీని ఇంటినుంచి లాగే బలమైన ఆశ ఒకటి కావలసి వచ్చింది. తనకంటూ ఒక కుటుంబం, ఒక కీర్తి ఉన్నాయని అతనికి తెలియాలి. టీవీ కార్యక్రమం అప్పుడు పుట్టింది. పైగా ఆ రెండో భాగం మొదట ఇంట్లో చూసుకునే వీడియో సినిమాగా మొదలై, ఆ తర్వాత థియేటర్ సినిమాగా మారింది. విడుదలకు సుమారు తొమ్మిది నెలల ముందు కథను పెద్దఎత్తున తిరగరాశారు. 1995 వుడీకీ 1999 వుడీకీ మధ్య ఉన్నది రహస్యం కాదు, రెండు సినిమాల మధ్య అతుకు.

నాన్న లేకపోవడానికి కూడా ఇంత మామూలు కారణమే ఉంది. పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన తొలి పూర్తినిడివి చిత్రం అది. ప్లాస్టిక్ బొమ్మలను నమ్మించేలా చూపగలిగారు గానీ మనిషి చర్మం, జుట్టు, బట్టల ముడతలు అప్పటి యంత్రాలకు కొరుకుడు పడని పని. తెర మీదికి ఒక మనిషి వచ్చాడంటే ఎంతో శ్రమ, ఎంతో ఖర్చు. కథకు తప్పనిసరి కాని మనిషిని అసలు తయారుచేయలేదు. ఆ తర్వాతి భాగాల్లో సాంకేతికత పెరిగినా, నాన్న లేని ఇల్లుగా ఆ ఇల్లు అప్పటికే స్థిరపడింది.

ఖాళీలన్నీ ఇలాగే మిగులుతాయని కాదు. 1992 నాటి అల్లావుద్దీన్ చిత్రం మొదట్లో ఒంటె మీద ఒక వ్యాపారి వస్తాడు, దీపం చూపించి కథ మొదలుపెడతాడు, మళ్లీ కనిపించడు. అతనే భూతం అని అభిమానులు చాలా ఏళ్లు వాదించారు. ఇద్దరికీ గొంతు ఒక్కరిదే, రాబిన్ విలియమ్స్‌ది. వ్యాపారి బట్టలు భూతం ఒంటి రంగులో నీలంగా ఉంటాయి. చేతులు చూడండి. ఆ సినిమాలో తక్కిన మనుషులకు ఐదు వేళ్లు ఉంటే, భూతానికీ వ్యాపారికీ నాలుగే. 2015లో దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ అది నిజమేనన్నారు. చివర్లో వ్యాపారి తన అసలు రూపం చూపే ముగింపు మొదట అనుకున్నారు, తర్వాత కథ మారి అది పోయింది. అక్కడ ఖాళీ మిగిలింది కోత వల్ల. కోసిన చోట గుర్తులు మిగిలాయి కాబట్టి, శ్రద్ధగా చూసినవాళ్లకు అవి దొరికాయి.

దర్శకుడే ఒప్పుకున్నాక ఇక తిరుగులేదు కదా అని మా వీధి పిల్లలు అడిగారు. తిరుగుంది. ఫ్రోజెన్ సంగతే తీసుకోండి. 2013 నాటి ఆ సినిమాలో రాకుమార్తెలు ఎల్సా, అన్నాల తల్లిదండ్రులు ఓడ మునిగి చనిపోతారు. 1999 నాటి టార్జాన్‌లో మండుతున్న ఓడ నుంచి భార్యాభర్తలు పసివాడితో బయటపడి అడవి చేరతారు. రెండు సినిమాల దర్శకుల్లోనూ క్రిస్ బక్ ఉన్నారు. ఆ రాజూ రాణీ మునిగిపోలేదనీ, అడవిలో పెరిగిన టార్జాన్ ఎల్సాకు తమ్ముడనీ అభిమానులు అల్లారు. 2015లో బక్ తన మనసులోనూ అలాంటి ఊహే ఉందని సరదాగా చెప్పేసరికి అది నిర్ధారణ అయిపోయినట్టు ప్రచారం జరిగింది. 2019లో ఫ్రోజెన్ రెండో భాగం వచ్చింది. చిన్ననాటి ఎల్సాకు మహేశ్‌బాబు కుమార్తె సితార తెలుగులో గొంతు ఇచ్చింది కనుక మన పిల్లల్లో చాలామంది చూసిన సినిమా ఇది. అందులో ఆ ఓడ శకలం ఎల్సాకు దొరుకుతుంది. అమ్మానాన్నలు ఉత్తరాన చీకటి సముద్రాన్ని దాటబోయి చనిపోయారని తెలుస్తుంది. టార్జాన్‌కు చోటు లేదు. ఆ రెండో భాగానికి కూడా దర్శకుల్లో ఒకరు క్రిస్ బక్కే. సరదా మాటకు సినిమా చెప్పినంత బరువు ఉండదని ఆయన సినిమాయే చూపింది.

ఉన్న కథలో ఖాళీని పూడ్చే పని ఎంత కష్టమో మా ప్రాంతానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు అంటాను. నన్నయ 11వ శతాబ్దంలో భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలి వెళ్లాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. మధ్యలోని ఆ ముక్క 14వ శతాబ్దం దాకా అలాగే ఉంది. దాన్ని పూరించినవాడు గుడ్లూరు ఎర్రన, అద్దంకి రెడ్డిరాజుల ఆదరణ పొందిన కవి. ముందు నన్నయ, వెనుక తిక్కన, రెండు కొసలూ బిగించి ఉన్న చోటులో ఆయన పని చేయాలి. నన్నయ చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. ఎర్రన కొత్త ఋతువు మొదలుపెట్టలేదు, కొత్త సంగతీ ఎత్తుకోలేదు. అదే శరత్తులో తెల్లవారేలా చేశాడు. ఆయన తొలి పద్యం శరత్కాలపు ఉదయాల మీదే. పైగా ఆ భాగాన్ని తనను ఆదరించిన రాజుకు కాక, నన్నయ ఎవరికోసం మొదలుపెట్టాడో ఆ రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. ఎర్రన చేతిలో వ్యాసుడి మూలం ఉంది, తన ఊహ మీదే ఆధారపడనవసరం లేదు. అయినా అంత ఒదిగి రాశాడు. మూలమే లేని చోట ఊహించే అభిమాని అంతకన్నా ఒదగాలి కదా.

ఒదగని ఊహకు ఏమవుతుందో చెప్పడానికి కూడా భారతమే చాలు. శకుని పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవని మనలో తెలియనివారు ఉండరు. గాంధార రాజకుటుంబాన్ని చెరలో పెట్టి రోజుకు ఒక్కో మెతుకు పెట్టారని, అందరూ తమ వంతు శకునికి పెట్టి చనిపోయారని, ఆ పగతో అతను కౌరవుల నాశనం కోరాడని కథ. వ్యాస భారతంలో ఇది లేదు. అక్కడ శకుని జూదంలో ఆరితేరినవాడు, మేనల్లుడి వైపు నిలిచినవాడు, అంతే. నాటకాలూ సినిమాలూ చూస్తూ ఎదిగిన మనకు ఎముకల కథ మూలంకన్నా మూలంలా అనిపిస్తుంది. అది గొప్ప కథ అని నేనూ ఒప్పుకుంటాను. కానీ అది వచ్చాక దుర్యోధనుడి అసూయ వెనక్కి తగ్గిపోయింది. మయసభ చూసి కుమిలిపోయిన మనిషి లోపల రగిలిన మంటే యుద్ధానికి మూలం అని వ్యాసుడు చెబితే, అదంతా మామ పన్నిన పగ అయిపోయింది.

ఊర్మిళ విషయంలో మన ఆడవాళ్లు చేసిన పని దీనికి భిన్నం. లక్ష్మణుడు అడవికి వెళ్లాక ఊర్మిళ ఏం చేసిందో వాల్మీకి చెప్పలేదు. పద్నాలుగేళ్లూ నిద్రపోయిందని, తిరిగొచ్చి లేపిన భర్తను పోల్చుకోలేక పరాయి మగవాడని మందలించిందని మన ఇళ్లలో పాట ఉంది. ఈ ఊహ రామాయణంలో ఒక్క సంఘటననూ కదపదు. కానీ ఆ పాట విన్నవాళ్లకు లక్ష్మణుడు అన్న వెంట గడప దాటే ఘట్టం మునుపటిలా ఉండదు. గతాన్ని ఊహించడంలో ఈ రెండు దారులున్నాయి. శకుని దారిలో ఊహ కథను తన చేతుల్లోకి తీసుకుంటుంది. ఊర్మిళ దారిలో కథ అలాగే ఉండి, మన చూపు మారుతుంది. ఆండీ నాన్న పోలియో కథ శకుని దారిది. వుడీ ప్రేమకు సినిమా ఇచ్చిన కారణం చాలా సాదా: ఆ పిల్లవాడు అతన్ని ప్రేమించాడు. ఆ కారణాన్ని పక్కకు తోసి, చనిపోయిన తండ్రి గుర్తుగా వుడీని నిలబెట్టడం పాత్రను పెంచినట్టు కనిపిస్తుంది గానీ తగ్గిస్తుంది.

ఈ రెండింటికీ చెందనివి కూడా కొన్ని ఉన్నాయి, అవి నాకు ఏమాత్రం నచ్చవు. కథానాయకుడు అసలు మొదట్లోనే చనిపోయాడు, మిగిలిందంతా కల అనే రకం. 2009 నాటి అప్ సినిమాలో ముసలి కార్ల్‌ను వృద్ధాశ్రమానికి పంపబోయే ముందు రాత్రే అతను నిద్రలో పోయాడని, బుడగలతో ఎగిరిన ఇల్లు స్వర్గానికి ప్రయాణమని అంటారు. దీన్ని తప్పని చూపడం ఎవరివల్లా కాదు. ఏ దృశ్యం చూపినా అదీ కలలో భాగమే అనవచ్చు. తప్పని తేలే వీలే లేని మాటను ఊహ అని కూడా అనలేం. పైగా భార్య పోయిన దుఃఖంలో ముడుచుకుపోయిన మనిషి ఒక పిల్లవాడి కోసం మళ్లీ లోకంలోకి రావడమే ఆ సినిమా. అతన్ని మొదట్లోనే చంపేస్తే మిగిలేది ఏమిటి?

ఊర్మిళ దారిలో వుడీ చుట్టూ పుట్టిన ఒక ఊహ ఉంది. జెస్సీని వదిలేసిన ఎమిలీయే ఆండీ వాళ్ల అమ్మ అన్నది. దీనికి ఆధారం ఒక టోపీ. తొలి భాగంలో ఆండీ పెట్టుకునే టోపీని వుడీ టోపీ పక్కన పెట్టి చూడండి. వుడీది గోధుమరంగు టోపీ. ఆండీది కాస్త ఎరుపు కలిసినది, అంచు చుట్టూ తెల్లటి దారం కుట్టి ఉంటుంది. వుడీ అంటే ప్రాణం పెట్టే పిల్లవాడు వుడీ టోపీ కాకుండా వేరే టోపీ ఎందుకు పెట్టుకున్నాడు? రెండో భాగంలో జెస్సీ వస్తుంది. ఆమె టోపీ ఎరుపు, అంచున తెల్లటి కుట్టు. చిన్ననాటి ఎమిలీ దగ్గరా అలాంటి టోపీయే కనిపిస్తుంది. అమ్మ టోపీని కొడుకు పెట్టుకున్నాడని అభిమానుల వాదన. ఎమిలీ బాల్యాన్ని 1960ల ప్రాంతంలో పెట్టుకుంటే, 1990ల పిల్లవాడికి ఆమె తల్లి కావడానికి వయసు సరిపోతుంది.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి దీనికి ఒక గట్టి అడ్డు చెప్పింది. ఆండీ టోపీ 1995లో గీశారు, జెస్సీ 1999లో వచ్చింది కదా, లేని బొమ్మ టోపీని ముందే ఎలా పెడతారు అంది. సరైన ప్రశ్న. 1995లో ఎవరూ ఆ గుర్తును దాచి పెట్టలేదు. అయితే దాన్ని వెనకనుంచి కూడా చూడవచ్చు. జెస్సీని గీసేటప్పుడు పాత సినిమాలోని ఆండీ టోపీ కళాకారుల ఎదుట ఉంది. దాన్ని చూసి జెస్సీ టోపీకి రూపం ఇచ్చి ఉండవచ్చు. అదే జరిగితే ఆ పోలిక రహస్య గుర్తు కాదు, ఒక సినిమా మరో సినిమానుంచి తెచ్చుకున్న వస్తువు. ఎర్రన పని గుర్తుకొస్తుంది నాకు. ముందున్న దాంట్లోంచే రంగు తీసుకుని తర్వాతది గీయడం.

సినిమా లోపల కూడా ఒక అభ్యంతరం ఉంది. జెస్సీ ఆ ఇంటికి వచ్చి ఏళ్లకేళ్లు ఉంది. ఎమిలీని గుర్తుపట్టలేదా? జెస్సీ చివరిసారి చూసింది పదహారు పదిహేడేళ్ల అమ్మాయిని, ఇప్పుడు ఎదుట ఉన్నది ఇద్దరు పిల్లల తల్లి. పోల్చుకోకపోవడం వింత కాదు. అమ్మ జెస్సీని పోల్చుకోలేదా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దాని దగ్గర రెండో భాగం ముగింపు మళ్లీ చూడాలి. ఊరినుంచి తిరిగొచ్చిన ఆండీ తన గదిలో జెస్సీనీ గుర్రాన్నీ చూసి, కొత్త బొమ్మలు అమ్మే కొందనుకుని థాంక్యూ అమ్మా అంటాడు. తాను కొనని బొమ్మలకు కొడుకు కృతజ్ఞత చెబుతుంటే ఆ తల్లి ఏమనుకుంది? సినిమా ఆమె ముఖం వైపు పోదు. ఎమిలీ ఊహతో చూసినవాళ్లకు ఆ క్షణం బరువెక్కుతుంది, ఊహ లేకుండా చూసినవాళ్లకు అది సరదాగా సాగిపోతుంది. రెండు విధాలా సినిమా చెక్కుచెదరదు.

ఈ ఊహను పడగొట్టడం తేలికే. కార్ల్ కలలా ఇది తప్పించుకోలేదు. అమ్మ చిన్ననాటి ఫొటో ఒకటి, లేదా ఎమిలీ కాని పేరుతో ఎవరైనా ఆమెను ఒక్కసారి పిలవడం, అంతే చాలు. తొలి నాలుగు సినిమాల్లో ఎక్కడా ఆమె సొంత పేరు వినిపించదు.